ప్రభువు కోడి

నా చిన్నప్పుడు మా పెరట్లో తిరిగే ఆరు కోళ్లలో ఒకటి మాది కాదు. పెనుగంచిప్రోలు దగ్గర మా పల్లెలో విశ్వాసుల ఇళ్లలో అదొక ఆచారం. పెంచే కోళ్లలో ఒక పెట్టను ప్రభువు పేరున విడిచిపెట్టేవారు. అది పెట్టిన గుడ్లన్నీ ఆదివారం ఆరాధనలో కానుక పళ్లెంలోకి వెళ్లాలి. మా నాయనమ్మ అలా విడిచిన ఎర్రకోడి గుడ్డును ఇంట్లో జ్వరంతో పడుకున్నవాళ్లకు కూడా పెట్టేది కాదు.

మట్టితో కట్టిన కోళ్ల గూడు మా వీధి అరుగు కిందే ఉండేది. ముందు చిన్న కంత, దానికి అడ్డంగా ఒక చెక్క, ఆ చెక్క పడిపోకుండా ఒక పెద్ద రాయి. కంతలోంచి దూరగలిగేంత చిన్నదాన్ని ఇంట్లో నేనొక్కదాన్నే, నాకప్పుడు ఎనిమిదేళ్లు. అందుకే గుడ్లు తీసే పని నాది. మిగతా కోళ్ల గుడ్లు బయటి నుంచి చూసినా కనిపించేవి. ఎర్రకోడి మాత్రం లోపలి మూలన పెట్టేది. వీధి చివరి కొట్టతను గుడ్డు తీసుకుని గుప్పెడు నిమ్మతొన బిళ్లలు ఇస్తాడని తెలిశాక, ఆ మూలన ఏమీ లేదని నాయనమ్మకు చెప్పడం మొదలుపెట్టాను. దేవుడికి ఆ మూల కూడా కనిపిస్తుందన్న ఆలోచన రాకపోలేదు. కానీ నిమ్మతొన నోట్లో ఉండగా అది ఎక్కువసేపు నిలిచేది కాదు.

ఒక శనివారం మధ్యాహ్నం అలాగే అబద్ధం చెప్పి, గుడ్డును గూట్లోనే ఊకపొట్టు కింద దాచాను. సాయంత్రం నాయనమ్మ స్త్రీల ప్రార్థనకు వెళ్లగానే బడిసంచి అరుగు మీద పెట్టి లోపలికి దూరాను. గుడ్డు చేతికి దొరికిందో లేదో "బో బో బో" అంటూ కోళ్లను పిలుస్తున్న నాయనమ్మ గొంతు వినిపించింది, అప్పుడే తిరిగొచ్చేసింది. కోళ్లు ఒక్కొక్కటే నా కాళ్లు తొక్కుకుంటూ లోపలికి వచ్చేశాయి. చెక్క మూసుకుంది. రాయి దబ్బున పడింది.

నేను లేవలేను, తిరగలేను. మోకాళ్లు గడ్డానికి ఆనుకున్నాయి. కోడిపేలు మెడ మీదికి పాకుతున్నాయి. గోక్కుందామంటే ఒక చెయ్యి ఒంటి కింద ఇరుక్కుపోయింది, రెండో చేతిలో గుడ్డుంది. కేకేస్తే ఆ గుడ్డు సంగతి చెప్పాలి. చేప కడుపులో చిక్కుకున్న ప్రవక్త కథ ఆదివారపు బడిలో ఎన్నోసార్లు విన్నాను. ఆయనకు కోడిపేల బాధ అయినా లేదు కదా అనిపించింది. ఎర్రకోడి వచ్చి, నా పొట్ట దగ్గర వెచ్చగా సర్దుకుని కూర్చుంది.

అరుగు మీద నా నెత్తికి సరిగ్గా పైన పక్కింటి అత్త, నాయనమ్మ కూర్చుని మాట్లాడుకుంటున్నారు.

"ఎర్రకోడి పెడతందా పిన్నీ?"

"ఏం పెట్టుద్ది? రెండు వారాలైంది. రేపు పేట నుంచి పాస్టరయ్యగారు వస్తున్నారుగా, పొద్దున్నే కోసేస్తా."

"గుడ్డు లేకుండానే రోజూ ఊరంతా వినపడేటట్టు అరుస్తదేందది?"

"మన సంఘంలో మాత్రం లేరా అట్టాంటోళ్లు? స్తోత్రాలు గట్టిగానే ఉంటై. పళ్లెం చూస్తే ఖాళీ."

ఇద్దరూ నవ్వుకున్నారు. పొట్టకు ఆనుకున్న కోడి గుండె టకటకా కొట్టుకోవడం నాకు తెలుస్తోంది. అది తన పని తాను చేసింది. రేపు పొద్దున దాని మెడ మీద పడబోయే కత్తి నా అబద్ధానిది. ఇలాగే ఉండిపోతే ఎవరికీ తెలియదు. నోరు తెరిస్తే వీధి వీధంతా తెలుస్తుంది. ఎంతసేపు అలా ఉన్నానో చెప్పలేను. చివరికి నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"నాయనమ్మా, దాన్ని కొయ్యొద్దు. అది పెడుతూనే ఉంది. నేనే కొట్లో ఇచ్చేశా."

పైనుంచి నాయనమ్మ, "విన్నాలే. ఇక బయటికి రా," అంది.

"రాయి ఉందిగా!" అన్నాను ఏడుస్తూ.

"నెట్టి చూడవే."

గుడ్డున్న చేత్తోనే కొద్దిగా నెట్టాను. చెక్క వెనక్కి పడిపోయింది. రాయి దానికి బెత్తెడు దూరంలో, ఒట్టి నేల మీద ఉంది. కొట్టతను ఆమెకు ముందే చెప్పాడట. అరుగు మీద సంచి చూసి, నేను లోపల ఉన్నానని తెలిసే, రాయిని నాకు వినపడేటట్టు పక్కన పడేసింది.

నాయనమ్మ కొట్టలేదు. తలకు వేపనూనె పట్టించి పేలు దువ్వుతూ తిట్టడం మాత్రం తిట్టింది. మర్నాడు జగ్గయ్యపేట నుంచి వచ్చిన అయ్యగారు మా ఇంట్లో ముద్దపప్పు, గోంగూరతో తృప్తిగా తిన్నారు. దానికి ముందే ఆ గుడ్డును రెండు చేతులతో పట్టుకెళ్లి నేనే పళ్లెంలో పెట్టాను.

ఇప్పటికీ చేసిన తప్పు ఒప్పుకోవడానికి మోకరించినప్పుడు ఒక్కోసారి మాట పెగలదు. ప్రభువు తలుపు మూసేశాడనిపిస్తుంది, రాయి పడిన చప్పుడు కూడా విన్నట్టే ఉంటుంది. అప్పుడు కళ్లు మూసుకునే చెయ్యి ముందుకు చాపుతాను.