ముక్కు పక్క గీతలు

మా చెల్లిని ఇంట్లో అందరం షోకులమ్మ అనేవాళ్ళం. ఆ పేరు పెట్టింది నేనే. చిన్నప్పుడు వీధి చివరికి పాలకు వెళ్ళాలన్నా జడ విప్పి మళ్ళీ వేసుకుని గానీ గడప దాటేది కాదు. నాది ఇస్త్రీ దుకాణం. పొద్దస్తమానం ఆవిరిలో ఉడికే ముఖానికి సింగారమేమిటని నేనెప్పుడూ అద్దం జోలికి పోలేదు. దాని బతుకు వేరు. పెద్ద దుకాణంలో, కింది అంతస్తులో, అత్తర్ల కౌంటరు దానిది. వచ్చినవాళ్ళ మణికట్టు మీద కాస్త చల్లి, నవ్వుతూ నాలుగు కబుర్లు చెప్పి, సీసా కొనిపించి గానీ పంపేది కాదు. మొగుడు పోయాక ఇద్దరు ఆడపిల్లల్ని ఆ నవ్వుతోనే చదివిస్తోంది.

నలభై దాటాక ముక్కు పక్కనుంచి పెదవుల మూలలకు రెండు గీతలు దిగాయి. రోజంతా నవ్వే ఉద్యోగంలో గీతలు పడక ఏం పడతాయి? కొత్త మేనేజరు మాత్రం, "ఈమధ్య అలసిపోయినట్టు కనిపిస్తున్నారండీ. పైన దుప్పట్ల సెక్షన్‌కి మారతారా?" అన్నాడట. పైకి పంపినవాళ్ళని కొన్నాళ్ళకి ఇంటికి పంపడం ఆ దుకాణం రివాజు. చెల్లి హడలిపోయింది. బ్యూటీ పార్లర్‌కి వెళ్ళి ఆ గీతల్లోకి ఫిల్లర్ సూదులు వేయించుకుంది. జెల్ లాంటిది ఎక్కిస్తే గుంట పూడి చర్మం నున్నగా అవుతుందట.

తిడతానని నాకు ముందు చెప్పలేదు. సూదులు వేయించుకుని, అటునుంచి అటే నా దుకాణానికి వచ్చింది.

"అక్కా, ఇటుపక్క ఒకటే సలుపు. ఒకసారి చూడవే."

ముక్కు పక్కన చర్మం సున్నం పూసినట్టు తెల్లగా పాలిపోయి ఉంది.

"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. ఎందుకే నీకీ సోకులు?" అంటూనే ఇస్త్రీపెట్టె ఆపేశాను. పార్లరుకు ఫోన్ చేస్తే ఎత్తే దిక్కు లేదు. ఎప్పుడూ వెళ్ళే ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి లాక్కుపోయాను.

అక్కడ శిక్షణలో ఉన్న చిన్న డాక్టరమ్మ చూసింది. మంచి పిల్ల, ఆ మాట ఇప్పటికీ అంటాను. చెల్లి ఏమీ దాచలేదు, ఫిల్లర్ అని పేరుతో సహా చెప్పింది. ఆ పిల్ల కాసేపు తటపటాయించి, పక్క గదిలో పెద్ద డాక్టరుగారిని అడిగొచ్చింది.

"సూది పడ్డచోట కాస్త కమిలిందండీ. ఐస్ పెట్టండి, నొప్పికి బిళ్ళ రాస్తాను. రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది."

చెల్లి తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. చెప్పింది చెప్పినట్టు ఐస్ పెట్టుకుంది. తెల్లగా ఉన్నది ఊదారంగుకు తిరిగి, ఆపైన నల్లబడింది. పెద్దాసుపత్రికి పరుగెత్తితే, జెల్ పోయి రక్తనాళానికి అడ్డుపడిందన్నారు. దాన్ని కరిగించే సూది ఉందట, మొదట్లోనే వెయ్యాలట. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ముక్కు అంచున కండ చచ్చి ఊడిపోయింది. కౌంటరు పోయింది. దుప్పట్ల దగ్గరికి కూడా రానివ్వలేదు.

అప్పటినుంచి చెల్లి గుమ్మం దాటడం మానేసింది. "ఎవర్నీ అనకక్కా. అంతా నా తప్పే. ఇంకా ముందే వెళ్ళాల్సింది" అనేది. పిల్లలకూ అదే చెప్పింది. చుట్టాలకైతే అడగకపోయినా చెప్పేది.

ఒకనాడు ఆ చిన్న డాక్టరమ్మ మా గుమ్మంలో నిలబడింది. శిక్షణలో ఉన్న డాక్టర్లందరికీ ఈ సూదుల గురించి క్లాసు పెట్టిస్తోందట, చెల్లి వస్తుందా అని అడిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఆరోజు తెలియలేదు గానీ, ఇప్పుడు దాని ముఖం చూసి పాఠం నేర్చుకుంటారా తల్లీ?"

ఆ పిల్ల తలొంచుకుంది. చెల్లే, "వెళ్దాం పదవే. నాలా ఆలస్యం చెయ్యొద్దని అయినా చెబుతాను" అంది.

క్లాసు గది నిండా కుర్రడాక్టర్లు. వెనక వరసలో ఆ పెద్ద డాక్టరుగారు కూడా కూర్చున్నారు. పాఠం చెప్పేవాళ్ళు, ఆ కరిగించే సూది సంగతి ఎందరికి తెలుసని అడిగారు. ఒక్క చెయ్యీ లేవలేదు, వెనక వరసలో కూడా. "అందం సూదులు మన పని కాదనుకున్నామండీ" అన్నాడొకడు.

చెల్లి లేచి నిలబడింది.

"మరి ఆరోజు నేను ఎక్కడికి వెళ్ళాల్సింది? ఎంత ముందు వెళ్తే బాగుండేది?"

చిన్న డాక్టరమ్మే ముందుకొచ్చింది.

"మా దగ్గరికే రావాలండీ. వచ్చారు కదా. మీరు వేళకే వచ్చారు."

నా తప్పే అనుకుంటూ ఇన్నాళ్ళూ ఎలాగో దిగమింగుకుని బతికింది నా చెల్లి. ఆ మాట వినగానే, అంతమంది ముందూ కుర్చీలో కూలబడి, భోరున ఏడ్చింది.