కొట్టుకునే లైట్లతో కొత్వాల్‌గూడ దాకా

పెళ్లి వేదిక మీద వధూవరులు కూర్చునే సింహాసనాలు రెండింటిని కొత్వాల్‌గూడలోని ఒక తోటకు చేర్చడానికి మధ్యాహ్నం మూడింటికి బడంగ్‌పేట్‌లో బయలుదేరాను. బండి నాదే, పాత పికప్. మా తాతగారికి ఏనుగు ఉండేది, దాన్ని నడపడానికి మావటి ఉండేవాడు. ఈ బండిని నేనే నడుపుతాను.

టెంట్ హౌస్ యజమాని యాదగిరి సింహాసనాల మీద టార్పాలిన్ కప్పిస్తూ మాట తేల్చేశాడు.

"పోయినసారి లైట్లు కొట్టుకుంటున్నయని తొవ్వల ఆగినవ్. పెండ్లికొడుకు ప్లాస్టిక్ కుర్చీల కూసున్నడు. ఈసారి గిట్ల లేటైతే సీజన్ కిరాయి వేరేటోనికి ఇస్త, అన్నా."

ఆ కిరాయి పోతే బండి అమ్ముకోవాలి. మా వంశంలో అమ్మడానికి మిగిలింది అదొక్కటే.

శ్రీశైలం రోడ్డు దాటేసరికి వాన పట్టుకుంది. లైట్లు వేశాను. గుంత తగిలినప్పుడల్లా అవి ఆరి వెలుగుతూ టపటపా కొట్టుకున్నాయి. నేను దారి అడుగుతున్నాననుకుని ఎదురుగా వచ్చే లారీలు పక్కకు జరిగాయి. ఒక బస్సు ఏకంగా ఆగిపోయింది. తల కొద్దిగా వంచి ముందుకు సాగాను. అటువంటి మర్యాద నేను విన్నదే కాని చూసింది కాదు. లైట్లు బాగు చేయించక్కర్లేదేమో అనిపించింది.

ఈ దారిన వెళ్లేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. ఇక్కడ మనుషులను ఎక్కించుకునే బండ్లు కూడా లైటు కొట్టే పిలుస్తాయి. ఎయిర్‌పోర్టు వైపు మలుపు దగ్గర సిగ్నల్ పడి ఆగినప్పుడు బండి వెనక కాస్త కుంగింది. వాన నీళ్ల బరువనుకున్నాను.

అయినా చీకటి పడేలోపు లైట్లు చూపిద్దామని శంషాబాద్‌లో ఖాజా అనే ఎలక్ట్రీషియన్ షెడ్డు ముందు ఆపి, నీళ్లు చేరాయేమోనని టార్పాలిన్ ఎత్తాను. పెళ్లికొడుకు సింహాసనం మీద ఒక ముసలాయన కాళ్లు ముడుచుకుని బీడీ కాలుస్తున్నాడు. పెళ్లికూతురు సింహాసనం మీద ఖాళీ జామకాయల గంపతో ఒకామె ఉంది. మధ్యలో ఇద్దరు మగవాళ్లు నిలబడి ఉన్నారు.

"దిగండి. ఇది ప్రయాణికుల బండి కాదు, కొత్వాల్‌గూడ పెళ్లికి పోతోంది," అన్నాను.

"లైటు కొట్టి పిలిస్తివి గద! ఇగ దిగుమంటవేంది?" అంది గంప ఆమె. "పాసింజర్ల బండి గాకుంటే గింత మంచి కుర్చీలు ఎందుకేసినవ్?"

శంషాబాద్ రానే వచ్చింది కనుక మగవాళ్లు దిగి వెళ్లిపోయారు. ముసలాయన మాత్రం, "మెత్తగున్నది బాపు, రోజు ఇదే టైంకు వస్తవా?" అని అడిగి వెళ్లాడు. గంప ఆమె పేరు బాలమణి. తనదీ కొత్వాల్‌గూడేనని, లైటు కొట్టి పిలిచినవాడు దింపాల్సిందేనని చెప్పి కదల్లేదు.

ఖాజా బండి చుట్టూ ఒకసారి తిరిగి, "బల్బులన్నా. ఆంఖ్ మూసుకొని చెప్త," అన్నాడు. కొత్త బల్బులు వేశాడు. ఇంజను అదురుకు అవీ కొట్టుకున్నాయి.

"అయితే బ్యాటరీ."

బ్యాటరీ తీగల తుప్పు గీకి బిగించాడు. లైట్లు మారలేదు.

"ఇగ పెద్ద బీమారే. వైరింగ్ మొత్తం గుంజాలె. బండి పెట్టిపో, రేపొచ్చి తీస్కపో."

ఐదయింది. పెళ్లికొడుకు ప్లాస్టిక్ కుర్చీ నా కళ్ల ముందు నిలిచింది. అంతలో బాలమణి కాలు నొప్పని దిగి వచ్చి, బండి ముందు భాగానికి చేయి ఆనించి నిలబడింది. లైట్లు స్థిరంగా వెలిగాయి. చేయి తీసింది, మళ్లీ కొట్టుకున్నాయి.

"అక్కా, చెయ్యి తియ్యకు!" అని ఖాజా అరిచాడు.

"తియ్యకుంటే? గీడనే కట్టేసి కొత్వాల్‌గూడ దాంక తీస్కపోతరా ఏంది?"

ఖాజా నా వైపు చూశాడు. ఆ ఆలోచన అతనికి నచ్చినట్టే కనిపించింది.

ఆమె చేయి పెట్టింది మా వంశచిహ్నం మీద. రెండు ఏనుగులు తొండాలు ఎత్తిన ఇత్తడి ఫలకం. బండికి రంగు వేయించినప్పుడు దాన్ని ముందు నట్టనడుమ పెట్టమన్నాను. పెయింటరు లైట్ల ఎర్త్ వైరు ఉన్న బోల్టుకే, కొత్త రంగు మీదే, దాన్ని బిగించేశాడు. వైరు ఇనుమును తాకడం లేదు. ఫలకాన్ని ఎవరైనా నొక్కితేనే తాకుతోంది.

"దొరా," అన్నాడు ఖాజా. ఆ రోజంతటిలో నన్ను అలా పిలిచింది అతనొక్కడే. "ఏనుగులు కావాల్నా, లైట్లు కావాల్నా? జల్ది చెప్పు. కావాల్నంటే ఏనుగులను పక్కకు కొడ్త."

"మా చిహ్నం పక్కన ఉండదు," అన్నాను. "తీసెయ్."

రంగు గీకి, వైరును ఇనుముకు ఆనించి బిగించాడు. లైట్లు మరి కొట్టుకోలేదు. బాలమణి నా పక్క సీట్లో ఫలకాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"మంచిగున్నయి ఏనుగులు. ఇంటి దర్వాజకు కొట్టరాదు?"

"అది మా తాతల గడి తలుపుదే."

"గడి ఏడున్నది?"

"లేదు."

ఆమె కొంగుతో దాని మీది వాన నీళ్లు తుడిచింది.

బాలమణిని ఊళ్లో దింపి, ఫలకం పక్క సీట్లో పెట్టుకుని తోటకు చేరేసరికి ఆరున్నర. బ్యాండు వాళ్లు ఇంకా డోళ్లు వేడి చేసుకుంటున్నారు. సింహాసనాలు దించాక యాదగిరి మనిషి పెళ్లికొడుకు కుర్చీని వాసన చూసి, "బీడీ ఎవడు తాగిండన్నా?" అన్నాడు. నేను టార్పాలిన్ మడత పెట్టసాగాను. అతను అత్తరు చల్లి యాదగిరికి ఫోన్ చేశాడు. "వచ్చినయి సేట్. టైంకే వచ్చిండు. రేపు రాజేంద్రనగర్ పెండ్లికి గూడ ఈ అన్ననే పంపు."

తిరుగు ప్రయాణంలో లైట్లు నిలకడగా వెలిగాయి. దారి సాఫీగా కనబడింది. గుంతలు అంతకుముందు నేననుకున్నదానికంటే ఎక్కువే ఉన్నాయి. ఒక్క లారీ కూడా జరగలేదు. గడ్డి ట్రాక్టరు వెనకే శంషాబాద్ దాకా వచ్చాను. అక్కడ వెనక నుంచి ఒక ఆటో డిప్పర్ లైటు కొట్టింది. అద్దంలో చూశాను. అతని లైట్లు బాగానే ఉన్నాయి. నిజంగానే దారి అడుగుతున్నాడు.

పక్కకు జరిగి ఇచ్చాను.