రాక్షసిబొగ్గుతో జోల

నేను ఒకసారి నా భార్యనీ, మూడు నెలల కూతుర్నీ ఎంత చక్కగా నిద్రపుచ్చానంటే, ఇంకాస్త ఆలస్యమయితే ఇద్దరూ మళ్లీ లేచేవారు కారు. ఆ ఘనకార్యం గురించే చెబుతున్నాను. మీరు నవ్వండి, మొహమాటపడకండి. నాకు మాత్రం మొదటిసారి నవ్వు రావడానికి పదేళ్లు పట్టింది.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. కొత్తవలస స్టేషన్లో, వచ్చిన గూడ్సు బళ్ల వ్యాగన్ నెంబర్లు రాసుకునే ఉద్యోగం, అదీ నైటు డ్యూటీ. కిరండూల్ లైను కొత్తగా వేశారు. డీజిలు ఇంజన్లు ఖనిజం మోసుకుంటూ కొండల మీంచి దిగి వచ్చేవి. పట్టాలకీ మా క్వార్టరుకీ మధ్య ముప్ఫై అడుగులుంటే ఎక్కువ. ఇంజను కూత వేసిందంటే అటక మీద ఇత్తడి గిన్నెలు గలగలమనేవి, పాప ఉలిక్కిపడి ఏడుపు అందుకునేది. పొద్దున్నే వచ్చి పడుకున్న నాకు ఒళ్లు మండిపోయేది. ఒకనాడు నిద్రమత్తులో ఒకే నెంబరు వరసగా పదకొండు సార్లు రాసేశాను. పై ఆయన పిలిచి, "ఏమయ్యా, బండంతా ఒకే వ్యాగనా?" అనడిగాడు.

పాపకి నీళ్లు పోయడానికి మా ఆవిడ గౌరి వాళ్ల అమ్మమ్మ బొబ్బిలి నుంచి వచ్చి ఉంది. రోజూ కాళ్లు చాపుకుని, వాటి మీద పాపని బోర్లా పడుకోబెట్టి, నూనె మర్దనా చేసి వేణ్ణీళ్లు పోసేది. మూకుట్లో పిడక నిప్పులు వేసి, సాంబ్రాణి చల్లి, ఆ పొగకి పాప జుట్టు ఆరబెట్టేది. తరవాత చీర ఉయ్యాల్లో వేస్తే పాప రెండు గంటలు కదిలేది కాదు. ఈలోగా ముసలమ్మ మూకుడు వాకిట్లోకి తీసుకుపోయి నీళ్లు కుమ్మరించేసేది.

"అంత మంచి నిప్పు ఆర్పేత్తావేటి అమ్మమ్మా?" అన్నానొకసారి.

"గుంటకి పొగ తగలాల గానీ, గుంట పొగ తాగకూడదు బావూ" అంది పాపని చూపిస్తూ.

నేను నవ్వాను. ఎస్సెల్సీ ప్యాసయినవాణ్ణి కదా మరి, నవ్వకేం చేస్తాను!

కార్తీకంలో ముసురు పట్టింది. తన చెల్లెలికి ఒంట్లో బాగాలేదని కబురొస్తే అమ్మమ్మ బొబ్బిలి వెళ్తూ, "నానొచ్చీదాకా నీల్లు పొయ్యకండి. తడిగుడ్డెట్టి తుడిసీండి" అని మరీ మరీ చెప్పింది. మర్నాడు పాప ఊరుకోలేదు. రెండు ఖనిజం బళ్లు వెళ్లాయి, రెండుసార్లూ ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది.

"సలికండీ. సేతులు సల్లగా అయిపోతన్నాయి" అంది గౌరి.

"నానుండగా సలేటే? సూస్తుండు."

పెద్ద లైను మీద ఇంకా బొగ్గింజన్లే నడిచేవి. వాటి నుంచి రాలిన రాక్షసిబొగ్గు ఏరుకొచ్చి మా క్వార్టర్స్‌లో అందరూ పొయ్యిలో వేసేవాళ్లు, కాకపోతే వాకిట్లో. నేను వసారాలో కుంపటి నిండా అదే పోసి, విసిరి విసిరి, పొగంతా పోయి ఎర్రగా కణకణలాడాక గదిలోకి తెచ్చిపెట్టాను.

"ఈ బొగ్గు గదిలోనేటండీ?"

"పొగేదే? ఒక్క పిసరు పొగ సూపించు సూద్దాం." పొగ లేదు కాబట్టి ప్రమాదం లేదు. ఇదీ నా సైన్సు.

తరవాత కూత సంగతి పట్టించుకున్నాను. కిటికీ మూసి సందుల్లో గోనెపట్టా కుక్కాను. మిగిలిన కంతల్లోకి పాత వ్యాగన్ కాగితాలు పనికొచ్చాయి.

"ఊపిరాడదేమోనండీ" అంది గౌరి.

"బాలింతరాలికి గాలి తగలకూడదని మీ అమ్మమ్మే కదా రోజూ గోల!" అని తలుపు దగ్గరగా వేసి, గడప దగ్గర దుప్పటి కూడా అడ్డంపెట్టాను. ఇంత శ్రద్ధగా నేను జన్మలో ఏ పనీ చెయ్యలేదు.

వసారాలో చాప వేసుకుని కాపలా కూర్చున్నాను. కాసేపు పాప కూనిరాగం తీసింది, తరవాత ఆగిపోయింది. ఖనిజం బండి కూతేసుకుంటూ పోయింది. ఏడుపు లేదు! ఇంకొకటి పోయింది. అయినా లేదు! నా అంత తెలివైన తండ్రి ఈ లైను మీదే లేడనిపించింది.

పక్కింటి సింహాచలం కేబిన్‌లో సిగ్నల్ లీవర్లు లాగేవాడు. గొడుగేసుకుని వచ్చి, "ఏటి గురువా, మీ గుంట ఏడుపు ఇనబడ్డం లేదు?" అనడిగాడు.

"అదేరా మరి నా గొప్ప!"

"మా ఇంటిదానిక్కూడా సెప్పవా? మావోడు నిద్దరోనివ్వట్లేదు."

"రాసుకో. ముందు కుంపటి నిండా రాక్షసిబొగ్గు పొయ్యాల. ఎర్రబడ్డాక గదిలో ఎట్టాల. కిటికీకి గోనె కుక్కాల..."

"ఏటేటి?" అన్న కేక వినబడి ఇద్దరం తిరిగి చూశాం. తడిసిన సంచీతో అమ్మమ్మ వాకిట్లో నిలబడి ఉంది. మనసొప్పక మధ్యాహ్నం బండికే వచ్చేసింది. "గుంట ఎక్కడున్నాదిరా?" ఆవిడ నన్ను 'రా' అనడం అదే మొదలు.

సంచీ అక్కడే పారేసి తలుపు తన్నింది. గది వేడిగా, నిశ్శబ్దంగా ఉంది. గౌరి గోడవారన ఒరిగిపోయి ఉంది. లేవబోయి పడిపోయినట్టుంది, ఒక చెయ్యి ఉయ్యాల వైపు చాపి ఉంది. ఉయ్యాల్లో పాప బుగ్గలు ఎర్రగా, ఎంతో ఆరోగ్యంగా ఉన్నట్టున్నాయి. ఎత్తితే మాత్రం మెడ వాలిపోయింది.

అమ్మమ్మ పాపని ఎత్తుకుని వానలోకి పరిగెత్తింది. సింహాచలం, నేను గౌరిని ఈడ్చుకొచ్చాం. చల్లగాలి తగలగానే గౌరి వాంతి చేసుకుంది, కళ్లు తెరిచింది. "గుంట ఏదీ?" అంది.

అమ్మమ్మ పాప అరికాళ్ల మీద ఫట్ ఫట్ మని కొడుతోంది. "ఏడవ్వే! నా తల్లి కదూ, ఏడవ్వే!" నేను బురదలో మోకాళ్ల మీద పడిపోయాను. మూడు నెలలుగా ఆ నోరు ఎప్పుడు మూతపడుతుందా అని చూసినవాణ్ణి, "ఒక్కసారి ఏడు తల్లీ, రాత్రీ పగలూ ఏడుద్దువు గాని, నాను నోరెత్తను" అని బతిమాలుకున్నాను. పాప పలకలేదు. వాన మొహమ్మీద పడుతున్నా రెప్ప కదల్లేదు.

ఎంతసేపో నాకు తెలీదు. చివరికి చిన్నగా దగ్గింది. పిల్లికూన అరిచినట్టు సన్నగా ఒక మూలుగు. తరవాత గుక్కపట్టి ఏడుపు. అమ్మమ్మ అక్కడే బురదలో కూలబడి తనూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. సింహాచలం ఇంటికి పరిగెత్తి, ఎందుకైనా మంచిదని వాళ్ల కుంపటి కాలవలో పారేశాడు.

డాక్టరుగారు వచ్చి ఇద్దర్నీ చూసి, పొగ లేకపోయినా బొగ్గు నిప్పు నుంచి కనబడని విషవాయువు వస్తుందని చెప్పి, గండం గడిచిందన్నాక నా వైపు తిరిగి, "మీరు చదువుకున్నారా?" అనడిగారు. చదువుకోలేదనే చెప్పాను.

గౌరి నాతో మాట్లాడటం మానేసింది. తిట్టినా బాగుండేది. నాకా, భయం పట్టుకుంది. పాప కళ్లు మూస్తే చాలు, వెళ్లి ముక్కు కింద వేలు పెట్టి చూసేవాణ్ణి. ఊపిరి తెలియకపోతే అరికాలు గిల్లేవాణ్ణి. పాప కేరుమనేది. "హమ్మయ్య" అనుకుని పడుకునేవాణ్ణి, పావుగంటకి మళ్లీ లేచేవాణ్ణి. తొమ్మిది రోజులు ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదు. పదోనాడు నేను వేలు చాపేసరికి గౌరి నా మణికట్టు పట్టుకుని నోరు విప్పింది.

"అప్పుడు నిద్దరపుచ్చి సంపబోయినారు. ఇప్పుడు లేపి సంపుతన్నారు. ఏదో ఒకటి సేసుకోండి!"

కాబట్టి పాఠక మహాశయులారా, ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఈ కట్టె కాలేదాకా ఏ పసిబిడ్డనీ నిద్రపుచ్చను. ఏడిచే బిడ్డని "ఊరుకో" అనను. మొన్న మా అమ్మాయి, ఆనాటి పాపే, పురిటికి వచ్చి, "నాన్నా, చంటాడు ఒకటే ఏడుపు, కాస్త జోకొట్టవా?" అంది. చెప్పులేసుకుని బజారుకి పోబోయాను. వీధిగుమ్మం దాకా వెళ్లాను, లోపల వాడు గట్టిగా ఏడుస్తూనే ఉన్నాడు. వింటూ అక్కడే కూర్చుండిపోయాను.