చివరిసారి పోసిన మందు

చివరి దశకొచ్చిన రోగుల ఇళ్లకు తిరిగే ఆ నర్సును పేటలో అందరూ 'సూదిలేని నర్సమ్మ' అనేవారు. దేశమంతటా శాఖలున్న ఒక సేవాసంస్థలో ఆమెది ఉద్యోగం. జబ్బు నయం చేయడం కాదు, నొప్పి తగ్గించడం ఆమె పని. "భయపడకండి, నా సంచిలో మందులకంటే కబుర్లే ఎక్కువ" అంటూ గడప దాటేది.

ఒక లారీ మెకానిక్ ఇంట్లో ఆ కబుర్లు చెల్లలేదు. పేగు క్యాన్సరు అతన్ని పీల్చి పిప్పి చేసింది. నొప్పి వస్తే దిండు కొరికేవాడు. నర్సమ్మ నొప్పి తగ్గించే మార్ఫిన్ మందు సీసా తీయగానే అతని అక్క అడ్డుపడింది.

"అది తాగిస్తే మనిషి తొందరగా పోతాడంటగా?"

"లేదమ్మా. చెప్పినంతే పోస్తే నొప్పి పోతుంది, మనిషి పోడు."

అక్క మొహం తిప్పుకుంది. అతని భార్య మాత్రం ముందుకొచ్చి, గీతలున్న గొట్టంతో మందు కొలవడం నేర్చుకుంది. అతనికి కంటినిండా నిద్రపట్టింది. కూతురితో పేకాడి, దొంగాట ఆడి మరీ గెలిచాడు.

ఒక మధ్యాహ్నం భార్య మందు పోసింది. కాసేపటికే అతని ఊపిరి ఆగిపోయింది.

మనిషి పోయాక సంస్థ బండి మరో గుమ్మానికి తిరగాలి, అదీ అప్పటి పద్ధతి. నర్సమ్మ కూడా దణ్ణం పెట్టి వచ్చేసింది. కొన్నాళ్లకు ఆ ఇంటి కూతురు ఫోన్ చేసింది. "ఆంటీ, అమ్మ అన్నం ముట్టట్లేదు. ఎవరితోనూ మాట్లాడట్లేదు. ఒకసారి రారా?"

వెళ్తే, అక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఇంకెవర్ని తీసుకుపోవడానికొచ్చావ్?"

నర్సమ్మ వెనక్కి తిరిగితే ఎవరూ తప్పుపట్టరు. "మీ మరదల్ని చూసి వెళ్లిపోతాను" అని పక్కనుంచి ఒదిగి లోపలికి నడిచింది.

భార్య వంటింటి గోడకు ఆనుకుని ఉంది. కళ్లు గుంటలు పడ్డాయి. "నర్సమ్మా, నిజం చెప్పు. నేను పోసిన మందే ఆయన్ని చంపిందా?"

'ఛ, అవేం మాటలు' అనేయొచ్చు. అంటే ఆమె జన్మలో నమ్మదు. నర్సమ్మ ఎదురుగా నేలమీద కూర్చుంది.

"ఆ రోజు ఎంత పోశావు?"

"రోజూ పోసినంతే. చుక్క ఎక్కువ లేదు."

"పొద్దున ఆయన అరికాళ్లు ఎలా ఉన్నాయి?"

"చల్లగా. దుప్పటి మీద దుప్పటి కప్పాను."

"ఊపిరో?"

"ఆగి ఆగి వచ్చేది."

"అదంతా మందు పోయకముందేనా?"

"ముందే..."

"అప్పటికే ఆయన వెళ్లిపోతున్నాడమ్మా. చివరిసారి మందు పోయడం ఎవరో ఒకరి చేతికి రావాల్సిందే. నీ చేతికొచ్చింది, అంతే."

ఆమె బావురుమంది. గుమ్మంలో అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. "నేనే అన్నాను, నలుగురిలో అన్నాను, నువ్వే చంపావని." మరదలు ఆమె వైపు చూడలేదు. కళ్లు తుడుచుకుని నర్సమ్మను నిలదీసింది.

"ఈ ముక్క సీసా చేతికిచ్చిన రోజే చెప్పొచ్చుగా?"

నర్సమ్మ తల వంచుకుంది. "చెప్పాల్సింది."

ఆ ప్రశ్నను ఆమె సంస్థ జాతీయ సమావేశానికి మోసుకెళ్లింది. "చావు మాట ముందే ఎత్తితే మందే వద్దంటారు" అన్నాడు ఒక పెద్ద డాక్టరు. ఆయన భయం కొట్టిపారేసేది కాదు. ఆమెకూ అదే భయం. వాదన సాయంత్రం దాకా సాగి, ముందు కొన్ని శాఖల్లో చెప్పి చూద్దామని తేలింది. మందు వద్దన్నవాళ్లు పెద్దగా లేరు. క్రమంగా అన్ని శాఖల్లోనూ సీసాతోపాటే, చివరిసారి పోయడం ఎవరో ఒకరి చేతికి వస్తుందన్న మాటా చెప్పసాగారు. మనిషి పోయాక కూడా ఆ ఇంటికి వెళ్లడం పనిలో భాగమైంది.

వదినా మరదళ్లు ఏడాదిపాటు ముక్తసరిగానే మాట్లాడుకున్నారు. మెకానిక్ భార్య మాత్రం కోలుకున్నాక ఒకరోజు సాయంగా నర్సమ్మ బండెక్కింది. ఆ వెళ్లిన ఇంట్లో ఒక ముసలాయన, భార్యకు పోయాల్సిన మందు పట్టుకుని వణికిపోతున్నాడు. ఆమె వెళ్లి ఆయన పక్కన కూర్చుంది.

"బాబాయ్, మా ఆయనకు నేనే పోశాను. కంగారు లేదు, గొట్టం ఇలా పట్టుకోండి."