తుపాకుల బీరువాలో బల్బు పెట్టిన లేలండ్ తాత

లేలండ్ హౌగెన్ తాతకి ఉన్న జబ్బు ఒక్కటే. మూతపడే వస్తువు ఏదైనా సరే, దాని లోపల చీకటిగా ఉందని తెలిస్తే ఆయనకి తిండి సహించదు. అక్కడో బల్బు పెట్టేదాకా మనిషి మనిషిగా ఉండడు.

నలభై ఏళ్ళు టెలిఫోన్ స్తంభాలెక్కి తీగలు లాగి రిటైరైన మనిషి. ఇప్పుడు ఎక్కడానికి స్తంభాల్లేవు, చేతులు మాత్రం ఊరుకోవు. ఆయన ఇంట్లో రొట్టెల డబ్బాలో బల్బు, బూట్ల పెట్టెలో బల్బు, సాక్సుల సొరుగులో బల్బు. రోడ్డు పక్కనున్న ఉత్తరాల డబ్బాలో కూడా బల్బే. కొత్తగా వచ్చిన పోస్టావిడ మొదటిరోజు ఆ డబ్బా తెరిచింది. లోపల్నుంచి తెల్లటి వెలుగు మొహం మీద కొట్టేసరికి కెవ్వుమని అరిచి, ఉత్తరాలన్నీ మంచులో పారేసి జీపెక్కి పారిపోయింది.

లేలండ్ తాత చాలా నొచ్చుకున్నాడు. "లోపలేముందో కనపడితే భయం దేనికి? కనపడకపోతే కదా భయపడాలి!" అన్నాడు.

మా తాతయ్య వెర్న్ ఇల్లూ ఈయన ఇల్లూ పక్కపక్కనే. అమెరికాలో మా మోంటానా రాష్ట్రంలో పక్కపక్కనే అంటే మధ్యలో పావు మైలు గోధుమ చేను, ఒక ముళ్ళకంచె, బోలెడంత గాలి. యాభై ఏళ్ళుగా ఇద్దరూ ఒకర్నొకరు తిట్టుకుంటూ బతికారు. అంటే ప్రాణస్నేహితులన్నమాట.

మొన్న సెప్టెంబర్లో మా అమ్మమ్మ ఇర్మా పోయింది. చర్చిలో అందరం తలలు వంచుకుని ఉన్నాం. లేలండ్ తాత శవపేటిక చుట్టూ ఒకసారి తిరిగాడు. మూత సందులోకి కన్నుపెట్టి చూశాడు. తర్వాత ఖననం ఏర్పాట్లు చూసే ఆయన్ని పక్కకి లాగాడు.

"లోపల చిన్నదొకటి పెట్టొచ్చా? నా జేబులో ఉంది. బ్యాటరీ రెండేళ్ళొస్తుంది."

"ఏం పెట్టాలండీ?"

"బల్బు."

ఆయన మొహం పాలిపోయింది. "అలాంటివి కుదరవండీ!"

"ఇర్మాకి చీకటంటే పడదయ్యా. అడుగు కావాలంటే."

"ఎవర్నడగాలండీ?"

ఆ మాట విని మా తాతయ్య ఒక్కసారి ఫక్కున నవ్వాడు. నేను చూసిన ఆఖరి నవ్వు అదే. ఇంటికొచ్చాక ఆయన మాట మానేశాడు. సగం తిండి మానేశాడు. అక్టోబర్ చివర్లో దుప్పుల వేట మొదలైతే, యాభై ఏళ్ళలో మొదటిసారి ఇంట్లో కూర్చున్నాడు. మా అమ్మ ఫోన్లో ఏడ్చింది: "డార్సీ, ఈ చలికాలం ఆయన దాటతాడంటావా? నువ్వెళ్ళి ఆయన దగ్గరుండవే." నా కాలేజీ అక్కడికి నలభై మైళ్ళు. బట్టలు సర్దుకుని వచ్చేశాను.

ఆ ఇల్లు మారిపోయింది. కింది గదిలో గోడ మీద దుప్పి తల, దాని గాజు కళ్ళు ఎటు నడిస్తే అటే తిరుగుతున్నట్టుండేవి. దాని కింద తుపాకుల బీరువా. ఆరడుగుల నల్ల ఇనుము. తాతయ్య రోజూ దాని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఏమీ చేసేవాడు కాదు, ఊరికే కూర్చునేవాడు. అంకెల తాళం ఆయనకొక్కడికే తెలుసు. ఆ తలుపు ఎప్పుడు తీస్తాడోనని నేను మెట్ల మీదే కాపలా కూర్చునేదాన్ని.

సరిగ్గా అప్పుడే లేలండ్ తాత సామాన్ల పెట్టెతో దిగాడు. పెట్టె తెరిస్తే అందులోనూ లైటు వెలిగింది.

"ఒరే వెర్న్, నీ బీరువాలో లైటు లేదు."

"యాభై ఏళ్ళుగా లేదు."

"యాభై ఏళ్ళుగా నాకు నిద్ర లేదు. తియ్యి తలుపు."

తుపాకులు పదకొండూ తీసి సోఫా మీద పేర్చాం. లేలండ్ తాత వెనక జిగురున్న బల్బుల పట్టీని బీరువా లోపల పైఅంచున అంటించాడు. ఆయన చేసిన తప్పల్లా లోపలి గోడలకి దళసరి గుడ్డ అతికించి ఉందని పట్టించుకోకపోవడం. గుడ్డకి జిగురు అంటదు. పొద్దున తాతయ్య తలుపు తీసేసరికి, పై నుంచి ఊడిపోయిన పట్టీ తెల్లగా మెరుస్తూ, పేగులా వేలాడుతూ ఆయన మెడ మీద పడింది.

"లేలండ్! నీ పాము నన్ను పట్టుకుంది!" నేనొచ్చిన మూడు వారాల్లో తాతయ్య నోట్లోంచి వచ్చిన మొదటి పెద్ద కేక అది. నేనైతే సంతోషంతో ఎగిరి గంతేశాను.

నాలుగు రోజులు పట్టింది ఆ పని. పట్టీని సన్న రేకుకి మరలతో బిగించాడు. తలుపు అంచున చిన్న మీట పెట్టాడు, తలుపు తీస్తే వెలుగుతుంది, మూస్తే ఆరిపోతుంది. బీరువా వెనకున్న బొక్కలోంచి తీగ గోడ దాటి, బట్టలుతికే గదిలోకి వెళ్ళింది. అక్కడ ఆగాలి కదా? ఆగలేదు. కిటికీలోంచి బయటికి కూడా వెళ్ళింది.

"ఒక్క బల్బుకి ఇంత తీగ దేనికిరా?" అన్నాడు తాతయ్య.

"కరెంటు కూడా ఊపిరి పీల్చుకోవాలి కదా వెర్న్."

"నిన్ను టెలిఫోన్ కంపెనీ వాళ్ళు ఎలా భరించార్రా?"

అసలు భయం నవంబర్ చివర్లో మొదలైంది.

సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతున్న రోజులు. బట్టలుతికే గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. ఎదురు గోడకి అమ్మమ్మ పాత వానకోటు ఇంకా వేలాడుతోంది, ఎవరికీ తియ్యబుద్ధి కాలేదు. ఉన్నట్టుండి ఆ కోటు మీద, సరిగ్గా గుండె ఉండాల్సిన చోట, చిన్న నాణెమంత వెలుగు పడింది. తెల్లగా, చల్లగా, కదలకుండా.

నా చేతిలో తడి దుప్పటి అలాగే ఉండిపోయింది. కాసేపటికి అర్థమైంది: గోడ బొక్కలోంచి వస్తోంది. అవతల తాతయ్య బీరువా తెరిచాడు. పరిగెత్తుకెళ్ళి చూసే ధైర్యం లేక గోడకి చెవి ఆనించాను. గోడ అవతల చిన్న చప్పుడు కూడా లేదు. గడియారం చూస్తూ నిలబడ్డాను. ఏడో నిమిషంలో పైన తలుపు దబదబా మోగింది.

లేలండ్ తాత. చేతిలో పళ్ళెం, అందులో చెర్రీ పళ్ళు కూరి కాల్చిన తీపి రొట్టె, చెర్రీ పై. "మీ ఇంట్లోంచి ఏదో మాడిన వాసనొచ్చింది."

"పావు మైలు దూరానికా తాతా? అదీ గాలి అటువైపు నుంచి వీస్తుంటే?"

"నా ముక్కు అలాంటిది." నన్ను తోసుకుని మెట్లు దిగాడు. మేం వెళ్ళేసరికి తాతయ్య బీరువా మూసేశాడు. లేలండ్ తాత బీరువా వంక చూడనే లేదు, తాతయ్య మొహం వంకే చూశాడు. తర్వాత మెల్లగా ఊపిరి వదిలి, "ఆకలేస్తోందా?" అన్నాడు.

నాలుగు రోజుల తర్వాత మళ్ళీ అంతే. కోటు గుండె మీద వెలుగు, ఏడు నిమిషాలు, తలుపు మీద దబదబ. "నా టేపు ఇక్కడ మర్చిపోయానా?" టేపు ఆయన నడుముకే వేలాడుతోంది.

డిసెంబర్లో మంచు తుఫాను. ఎదుట మనిషి కనపడడు. రేడియోలో ఎవరూ గడప దాటొద్దంటున్నారు. వెలుగు పడింది. నేను అంకెలు లెక్కపెట్టుకుంటూ తలుపు దగ్గరికెళ్ళాను, ఈసారి రాడులే అనుకుంటూ. తలుపు తెరిస్తే గడపలో ఒక తెల్లటి ఆకారం. కనుబొమల మీద మంచు, మీసాల నుంచి ఐసు ముక్కలు. కళ్ళొక్కటే మనిషివి.

"మా పిల్లి ఇటొచ్చిందా?" అంది ఆ ఆకారం.

"తాతా, మీకు పిల్లి లేదు!"

"అందుకే వెతుకుతున్నా."

ఇక నాకు అనుమానం పట్టుకుంది. ఈ మనిషికి ఎలా తెలుస్తోంది? తలుపు తీసిన ప్రతిసారీ, ఎవరూ పిలవకుండా, గాల్లోంచి ఊడిపడ్డట్టు! అమ్మమ్మ కోటు ఆయనకి కబురు పంపుతోందా? ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నదాన్ని, ఇలాంటి ఆలోచనలు రాకూడదు. కానీ ఆ ఇంట్లో ఆ గాజు కళ్ళ కింద మీరు ఒక్క సాయంత్రం కూర్చుని చూడండి, మీకూ వస్తాయి.

జనవరిలో కాస్త మంచు కరిగింది. ఒక మధ్యాహ్నం దట్టమైన పొగమంచులో పెరటి వైపు వెళితే, బట్టల గది కిటికీ కింద బూడిదరంగు తీగ బయటపడింది. అది నేల మీద పాకుతూ కంచె దాకా వెళ్ళి, ముళ్ళతీగ పక్కనే గుంజ నుంచి గుంజకి సాగిపోయింది. ప్రతి గుంజకీ ఒక మేకు, పాత లైన్‌మన్ పనితనం. దాన్ని పట్టుకుని నడిచాను. వెనక మా ఇల్లు మాయమైపోయింది, ముందు ఏమీ లేదు. గాలికి కంచె సన్నగా మూలుగుతోంది. ఎంతసేపు నడిచానో తెలీదు, తీగ చివర ఇల్లొకటి లేచింది. లేలండ్ తాత ఇల్లు.

తలుపు తాళం వెయ్యలేదు. వంటింట్లో దీపం లేదు, సొరుగుల సందుల్లోంచి, డబ్బాల మూతల కిందనుంచి సన్నటి వెలుగు గీతలు మాత్రం. మధ్యలో కుర్చీలో లేలండ్ తాత. కోటు తొడుక్కుని, బూట్లు వేసుకుని, టోపీ పెట్టుకుని, ఒళ్ళో చెర్రీ పై పళ్ళెంతో గోడ వంక కళ్ళార్పకుండా చూస్తున్నాడు. గోడ మీద ఒక ఎర్ర బల్బు. ఆరిపోయి ఉంది. ఆ ఇంటి మొత్తంలో మూత లేని బల్బు అదొక్కటే.

"ఏంటి తాతా ఇది?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. తర్వాత పిల్లాడిలా తల దించుకున్నాడు. "మీ తాతయ్య ఆ తలుపు తీస్తే ఇక్కడ వెలుగుతుందమ్మా. ఇర్మా పోయాక వాడి మొహం నాకు నచ్చలేదు. మా తమ్ముడి మొహం కూడా ఒకప్పుడు అలాగే ఉండేది. వాడు తన తుపాకుల బీరువా తలుపు తీసినప్పుడు నేను పక్క గదిలోనే ఉన్నా. నాకు తెలీలేదు." "ఈసారి తెలియాలనుకున్నా. అంతే."

అంటే నవంబర్ నుంచీ ఈ ముసలాయన బూట్లు విప్పకుండా కూర్చున్నాడన్నమాట. నేనేదో అనబోయాను. ఎర్ర బల్బు వెలిగింది.

డెబ్భై నాలుగేళ్ళ మనిషి అంత వేగంగా లేవడం నేనెప్పుడూ చూడలేదు. పొగమంచులో కంచె పట్టుకుని ఇద్దరం పరుగు. మధ్యలో ఆ పళ్ళెం నా చేతికొచ్చింది, ఆయన దగ్గు ఒకవైపు, నా గుండె ఒకవైపు. తలుపు కొట్టలేదు. మెట్లు రెండేసి చొప్పున దిగి కింది గదిలో పడ్డాం.

బీరువా తలుపు బార్లా తెరిచి ఉంది. తాతయ్య దాని ముందు కుర్చీలో కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు.

"తొమ్మిది నిమిషాలు. ముసలాడివైపోతున్నావ్ లేలండ్."

తెల్లటి వెలుగులో బీరువా లోపలంతా కనిపిస్తోంది. ఒక్క తుపాకీ లేదు. పై అరలో శుభ్రంగా కడిగి పేర్చిన చెర్రీ పై పళ్ళేలు ఆరు. కింద పేకముక్కలు, మూడు కాఫీ కప్పులు.

లేలండ్ తాత నోరు తెరిచాడు. "తుపాకులేవిరా?"

"నువ్వు లైటు వేసిన వారమే మా అబ్బాయి ఇంటికి పంపేశా. డార్సీ పరీక్షకెళ్ళిన రోజు." తాతయ్య గొంతు కాస్త మెత్తబడింది. "చీకట్లో ఉన్నన్నాళ్ళూ అవి అక్కడున్నాయని మాత్రమే తెలుసు. లైటు పడేసరికి, వాటి వంక నేనెలా చూస్తున్నానో నాకే కనపడింది. భయమేసింది."

"మరి మాటిమాటికీ ఆ తలుపు దేనికి తీస్తున్నావురా, దున్నపోతా! నేను తుఫానులో చచ్చేవాణ్ణి!"

"తుఫాను రోజు నీకు బుద్ధుండాలి. నేను కడిగిన పళ్ళెం లోపల పెడదామని తీశానంతే. మిగతా రోజులంటావా, ఫోన్ చేసి రమ్మంటే పనుందంటావ్. తలుపు తీస్తే చెర్రీ పైతో సహా పరిగెత్తుకొస్తావ్. నా కంచె మీద నువ్వు తీగ లాగితే నాకు కనపడదనుకున్నావా?"

లేలండ్ తాత ఎర్రబడ్డాడు, తెల్లబడ్డాడు, కుర్చీలో కూలబడి బూట్లు విప్పాడు. "పేక పంచు," అన్నాడు.

ఆ తీగ ఇప్పటికీ ఉంది. తాతయ్య పట్టుబట్టి ఇటువైపుకి కూడా ఒకటి లాగించుకున్నాడు. లేలండ్ తాత రొట్టెల డబ్బా మూత తీస్తే చాలు, మా వంటింట్లో ఆకుపచ్చ బల్బు వెలుగుతుంది. రోజుకి పద్నాలుగు సార్లు వెలుగుతుంది. వెలిగిన ప్రతిసారీ తాతయ్య లేచి కోటు తొడుక్కుంటాడు.

"ఎక్కడికి తాతయ్యా?"

"మా పిల్లి అటెళ్ళిందేమో చూసొస్తా."