హమ్ అంటే మేమిద్దరం

విదేశంలో మా కూతురుండే సెంబవాంగ్‌లో నా పోస్టింగు పన్నెండో అంతస్తు. మధ్యాహ్నం మూడింటికి చేరాను. ఎండ, చెమట, నాలుగింటికి వాన. కిట్టు: రెండు పెట్టెలు, గొడుగు, ఊరగాయ జాడీ. కూతురింటి గుమ్మంలోనే ఆదేశాలు అందాయి. ఇచ్చింది మనవరాలు, తొమ్మిదేళ్లది.

"తాతా, ఐ వాంట్ టు క్యాచ్ ట్రౌట్. నువ్వు ఆర్మీలో పట్టావు కదా. ఈజీ ప్లేస్ చూపించు."

ఫోన్లో నేను కోసిన కోతల ఫలితం ఇది. "మేం ట్రౌట్ చేపలు పట్టేవాళ్లం" అని దానికి వందసార్లు చెప్పి ఉంటాను. అది అబద్ధం కాదు. కానీ ఆ 'మేం' వెనకాల నేను దాక్కున్నాను. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు.

"ట్రౌట్‌ది చల్లటి నీళ్ల బతుకమ్మా. ఈ ఊళ్లో ఉండదు."

"నెవర్ మైండ్ లా. ఏ చేపైనా ఓకే." ఆ 'లా' ఈ ఊరి ఊతపదం.

చోటు వెతుకుతూ మూడు రోజులు రెక్కీ చేశాను. వుడ్‌ల్యాండ్స్ జెట్టీ: జనం ఎక్కువ, గాలి ఎక్కువ. సెంబవాంగ్ జెట్టీ: పొద్దున ఏడింటికి పలచగా ఉంటుంది, పక్కనే చెట్ల నీడ, పిల్ల పట్టుకుని నిలబడడానికి గట్టి రెయిలింగు. కొత్తగా పట్టేవాళ్లకు ఇదే సులువైన చోటు అని తేల్చాను. నాకోసం కూడా ఒకప్పుడు ఒకతను ఇలాగే తిరిగి తిరిగి చోటు వెతికాడు.

అప్పుడు నాకు ఇరవై రెండు. పదివేల అడుగుల ఎత్తున కొండ మీద పోస్టు, కింద ఏరు, అందులో ట్రౌట్. మాది అనంతపురం జిల్లా. మోకాలి లోతు నీళ్లు కనబడితే మాకు తిరునాళ్లే. మా వైర్‌లెస్ ఆపరేటరు హిమాచల్ మనిషి, నాకంటే నాలుగేళ్లు పెద్ద. నన్ను ఆంధ్రా అని పిలిచేవాడు. ఒకరోజు నేను కాపలా బంకర్లో ఉంటే వైర్‌లెస్ సెట్లో అతని గొంతు వచ్చింది.

"ఆంధ్రా, వంతెన కింద పెద్ద బండ వెనక నీళ్లు నిదానం. నీలాంటి పసివాడికి కూడా చేప పడుతుంది. రేపు ఆరింటికి. ఓవర్."

చెట్టుకొమ్మ, నూలు దారం, ఎరకు వానపాము. వారం రోజులు నాకు ఒక్కటీ పడలేదు. అక్టోబరు చివర్న కర్నల్ సాబ్ తనిఖీకి వచ్చిన పొద్దున, ఆపరేటరు గాలానికి ఒకటి తగిలింది. కర్ర తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. "లాగు," అన్నాడు. లాగాను. మూరెడు చేప.

మంచు పడి కనుమ మూసుకునేలోపు పోస్టు నుంచి ఒక్కరికే సెలవు. అది ఆపరేటరుదేనని అందరికీ తెలుసు. తల్లి మంచం పట్టిందని అతనికి ఉత్తరం వచ్చింది. భోజనాలయ్యాక ఆ సంగతి సాబ్‌కి చెబుదామని సుబేదారు కాచుకుని ఉన్నాడు.

ఈలోపు సాబ్‌కి చేప నచ్చింది. "మఛ్లీ కిస్‌నే పక్డీ?" అన్నాడు. ఎవరు పట్టారని.

నా హిందీ తెలుగులోంచి తీసి అతికించుకున్న హిందీ. మేము అంటే హమ్. "హమ్‌నే పక్డీ, సాబ్," అన్నాను. మేమిద్దరం పట్టామని నా ఉద్దేశం. సాబ్‌ది బీహార్. వాళ్ల వైపు హమ్ అంటే నేను.

"శాబాష్! రేపటి బండిలో ఇతణ్ని సెలవుకి పంపండి."

పొరపాటు ఎక్కడ జరిగిందో నాకు వెంటనే తెలిసింది. 'సాబ్, హమ్ అంటే మేమిద్దరం' అంటే సరిపోయేది. పెళ్లయి ఏడు నెలలు, భార్య దగ్గరున్నది పన్నెండు రోజులు. నేను నా బూట్ల వంక చూసుకున్నాను. సుబేదారు ఏదో అనబోయాడు. ఆపరేటరే వద్దన్నట్టు తల ఊపాడు.

మర్నాడు ఆరింటికి బండి. నా బెడ్డింగు అతనే కట్టాడు. "దిగాక మా అమ్మకి టెలిగ్రాం కొట్టు, బాగున్నానని," అన్నాడు. కొట్టాను. మూడో రోజు కనుమ మూసుకుంది. సెలవయ్యాక నేను కింది క్యాంపులోనే చలికాలం గడిపాను.

మేలో పోస్టుకు తిరిగొచ్చాను. సెట్టు పక్కన లాగ్‌బుక్కు తిరగేస్తుంటే జనవరి పేజీ దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆపరేటరు తల్లి పోయిందన్న కబురు. సెట్లో విని రాసుకున్నది అతనే. అందాల్సిన మనిషీ అతనే. కింద 'సందేశం అందింది' అని రాసి, టైము వేసి, సంతకం పెట్టాడు.

నేను క్షమాపణ అడగలేదు. అడగడానికి మొహం చెల్లలేదు. అతనే నా భుజం తట్టాడు.

"ఆంధ్రా, ఈ ఏడు నీకు ఇంకా సులువైన చోటు చూసిపెట్టాను."

రెండు చెంపలూ వాయించినా బాగుండేది.

ఇక సెంబవాంగ్. ఆదివారం ఏడింటికి జెట్టీ మీద ఉన్నాం. తొమ్మిదైనా పిల్లకు ఏమీ పడలేదు. మొహం వేలాడేసింది. పక్కన షిప్‌యార్డు వెల్డరొకతను గాలం వేసుకుని కూర్చున్నాడు. శ్రీకాకుళం మనిషి, ముప్పై ఏళ్లుంటాయి.

"ఏటండీ తాతగారూ, పాపకి ఒక్కటీ పడనేదా?" అన్నాడు. అంతలో అతని దారం బిగిసింది. చటుక్కున కర్ర తెచ్చి దాని చేతుల్లో పెట్టాడు. "ఇదిగోనమ్మా, గట్టిగా పట్టుకో. లాగు."

అరచేయంత తెల్లటి చేప పైకొచ్చింది. అటు నడిచి వెళ్తున్న చైనీస్ ఆవిడ ఆగి చప్పట్లు కొట్టింది. "వా, గర్ల్! యూ క్యాచ్ ఆహ్?"

"నో లా, ఆంటీ. అంకుల్ క్యాచ్. ఐ ఓన్లీ హోల్డ్."

నలభై ఏళ్లుగా నా గొంతులో ఉండిపోయిన మాట అది. పిల్ల ఆలోచించను కూడా లేదు, అనేసింది. సిగ్గుతో తల తిప్పుకున్నాను. కాసేపయ్యాక దాన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"అమ్మా, తాత చెప్పిన ట్రౌట్ ఉంది చూడు, అది పట్టింది వేరే అంకుల్. నేను కర్ర పట్టుకున్నా, అంతే."

అది నన్ను తేరిపార చూసింది. "దెన్ యూ సే సారీ టు హిమ్ ఆర్ నాట్?"

"లేదమ్మా."

అతనెక్కడున్నాడో, అసలున్నాడో లేదో తెలియదు. నా కళ్లలో మిగిలింది ఆ జనవరి పేజీ. గుండ్రటి అక్షరాలు, తల్లి పేరు, టైము, సంతకం. ఒక్క కొట్టివేత కూడా లేదు.