మామ బాక్సులు కాలిన మెరవణి

మొన్న సాయంత్రం ఆదోనిలో మా వీధిలోకి ఒక పెళ్లి మెరవణి వచ్చింది. సౌండు బాక్సులు పాట మానేసి గరగరమంటున్నాయి. అందరూ ఎగురుతుంటే నేనొక్కడినే చెప్పులైనా వేసుకోకుండా పోయి, "తగ్గించప్పా, కాలిపోతాయి" అని అరిచాను. ఆపరేటరు ముసలాయన చాదస్తమని నవ్వాడు. ఆ మాట చెప్పే అర్హత నాకు లేదని అతనికి తెలియదు, పాపం.

అమ్మకు తమ్ముడైన మా చిన్నమామ సౌండు సెట్టు అద్దెకిచ్చేవాడు. అత్తకు జ్వరమొస్తే ఒక మాత్ర చేతిలో పెట్టి పోయే మనిషి, బాక్సు కాస్త బొంగురుపోతే అన్నం ముట్టేవాడు కాదు. ఆటోలో బాక్సుల కింద పాత పరుపు పరిచేవాడు, ఆంప్లిఫయరు అన్నిటికన్నా చివర ఆన్ చేసి, అన్నిటికన్నా ముందు ఆపేవాడు. "ఎర్రలైటు ఎలిగిందంటే సౌండు పెరిగినట్టు కాదప్పా. ఆంప్లిఫయరుకు శక్తి సాలక పాట తెగిపోతాండాదని. ఎంటనే తగ్గించకుంటే బాక్సుల్లో కాయిళ్లు కాలిపోతాయి" అని నాకు ఎన్నిసార్లు చెప్పాడో.

ఎమ్మిగనూరులో మా చెల్లెలి పెళ్లికి కొత్త బాక్సులు నాలుగు తెచ్చాడు. పెద్ద ఆంప్లిఫయరు రిపేరులో ఉందని చిన్నదే తగిలించి, దాని సౌండు పెంచే గుబ్బ పక్కన సుద్దముక్కతో గీత గీసి, దాటొద్దని నాకు అప్పజెప్పి, అమ్మ బలవంతం మీద భోజనానికి పోయాడు. మెరవణి సందులోకి తిరిగేసరికి ఎదురుగా ఇంకో మెరవణి. మా వైపు అలాంటప్పుడు సౌండు తగ్గించినవాళ్లు ఓడిపోయినట్టే. పెళ్లికొడుకు తండ్రి నా వైపు చూసి, "ఏమప్పా, మీ సౌండు ఇంతేనా?" అన్నాడు. నాకు రోషం వచ్చింది. ఇంత చిన్న ఆంప్లిఫయరు అంత పెద్ద బాక్సులను ఏం చేస్తుందిలే అనుకుని, గుబ్బ చివరిదాకా తిప్పాను. ఎర్రలైటు ఆరకుండా వెలిగింది. కాసేపు గరగర, తర్వాత ఒక్కొక్క బాక్సూ మూగబోయింది. లోపలి కాయిళ్లు కాలి కమురు వాసన వచ్చింది.

మామ ఎంగిలి చేత్తోనే పరిగెత్తుకొచ్చాడు. ఏమైందని పెళ్లికొడుకు తండ్రి గద్దిస్తే, "మామ నాసిరకం బాక్సులు తెచ్చినాడు" అన్నాను. సిగ్గులేకుండా అన్నాను. మామ గుబ్బను చూశాడు, నన్ను చూశాడు. మొదటిరోజే మా చెల్లెలి పుట్టింటికి మాట రాకూడదనుకున్నాడో ఏమో, "నాదే తప్పప్పా, సరిగా సూసుకోలేదు" అన్నాడు.

ఆ మాట చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి కౌతాళం దాకా పోయింది. ఆ తర్వాత మామను పెళ్లికి పిలిచినవాళ్లు లేరు. సెట్టు అమ్మేసి పత్తి జిన్నింగు మిల్లులో చేరాడు. ఎప్పుడు ఎదురైనా ముందు నా పిల్లల గురించే అడిగేవాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. చివరికి నేనే ఆయనకు ఎదురుపడకుండా తప్పించుకు తిరిగాను.

పోయిన ఏడు ధైర్యం చేసి వాళ్లింటికి పోయాను. అత్త చాటలో బియ్యం ఏరుతోంది. మామ పక్కన కూర్చుని, "మామా, ఆ పొద్దు గుబ్బ తిప్పింది నేనే. నీ మీదికి తోసినాను" అన్నాను. మిల్లు మోతకు ఆయన చెవులు ఎప్పుడో పోయాయట. చెయ్యి చెవికి ఆనించి, "ఇనబల్యా అల్లుడూ, గట్టిగా సెప్పు" అన్నాడు. అత్త తలెత్తి చూసింది.

"ఏం లేదు మామా, బాగుండావా అంటాండా" అన్నాను.

ఇన్నేళ్లూ కాలం గడిస్తే చెప్పడం తేలికవుతుందనుకున్నాను. అది నా ధైర్యాన్ని పెంచలేదు, ఆయన చెవులను మాత్రం తీసుకుపోయింది.